రాగితీగ చుట్టిన పార

సినిమాలు చూసి చెడిపోయినవాళ్లు ఎందరో మా ఊళ్లో ఎవరినడిగినా వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతారు. చూసి బాగుపడ్డవాడు ఒకడున్నాడంటే మాత్రం నవ్వుతారు. ఆ ఒక్కడిని నేనే. అది కూడా ఇంగ్లీషు సినిమా, నలుపు తెలుపుది, గుర్రాలది. ఇంగ్లీషు నాకు అప్పుడు ఒక్క ముక్క రాదు. పద్నాలుగేళ్లు గల్ఫులో నీళ్ల ట్యాంకర్ నడిపి వచ్చాక కూడా అంతంత మాత్రమే.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. గల్ఫు పోవాలంటే పెద్ద బండి లైసెన్సు కావాలన్నారు. ఎల్లారెడ్డిలో బస్సెక్కి కామారెడ్డికి లారీ నేర్చుకోవడానికి పోయేవాణ్ణి. ఆదివారాలు మా ఉస్తాదు మధ్యాహ్నం దాకా లేచేవాడు కాదు. ఆ ఖాళీలో ఒక టాకీసులో ఉదయం ఆట చూసేవాణ్ణి. ఆదివారం ఉదయం ఇంగ్లీషు బొమ్మే వేసేవాళ్లు. ఆ టాకీసుకు ఒక పద్ధతి ఉండేది. తెర మీద దొరలు ఏదో మాట్లాడుతుంటే, పైన ప్రొజెక్టర్ గదిలో ఆపరేటర్ సౌండు తగ్గించి మైకు పట్టుకొని కథంతా మన మాటల్లో చెప్పేవాడు. ఆయన్ని అందరూ చాచా అనేవాళ్లు. సగం మంది బొమ్మ కోసం కాదు, చాచా గొంతు కోసం వచ్చేవాళ్లు. టోపీ పెట్టుకున్న మనిషి హోటల్లోకి వచ్చి బల్ల మీద గుద్దితే, చాయ్ గరమ్‌గా తెమ్మంటున్నాడని చెప్పేవాడు. వాడు తాగేది చాయ్ కాదని నేల టికెట్ వాళ్లందరికీ తెలుసు, అయినా ఎవరూ కాదనేవాళ్లు కాదు.

ఆ సినిమా సంగతి ఇది. దుమ్ము కొట్టుకుపోయిన ఊరు. పైన ఒక దొర నదికి అడ్డంగా కట్ట కట్టి నీళ్లన్నీ తన పశువులకే మళ్లించుకున్నాడు. జడ్జి అతని జేబులో ఉన్నాడు. ఆ ఊరికి కొత్తగా ఒక పోలీసు వస్తాడు, చాచా మాటల్లో జమేదారు, ఛాతీ మీద చుక్క గుర్తు బిల్ల, తోడుగా కుంటుకుంటూ నడిచే ముసలి జవాను. జమేదారు న్యాయం అడిగితే జడ్జి కాగితాలు తిరగేస్తాడు. చివరికి దొర మనుషులు జమేదారును కొట్టి, బిల్ల పీకి, గుర్రాలు నీళ్లు తాగే తొట్టిలో పడేస్తారు. ఇక అంతా అయిపోయిందనుకున్నప్పుడు ఊరు ఊరంతా వీధిలోకి వస్తుంది. ప్రతివాడి ఛాతీ మీద ఏదో తెల్లగా మెరుస్తున్నది. చాచా గొంతు అప్పుడు మెల్లగా వచ్చింది.

"సూడుండ్రి. ఊరోళ్లంత నూనె డబ్బాలు కత్తిరిచ్చి బిల్లలు జేసుకున్నరు. ఇగ అండ్ల జమేదారు ఎవ్వడో దొర ఎట్ల గుర్తువడ్తడు? ఎంతమందిని కొడ్తడు?"

దొర తన ఇంటి మెట్ల మీద టోపీ తీసి చేత్తో పట్టుకొని నిలబడ్డాడు. ఆ గుంపులో ఒక లావుపాటి ఆమె బట్ట కప్పిన బుట్ట పట్టుకొని రావడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. కొట్లాటకు పోతూ బుట్టెందుకని అప్పుడు అనుకున్నాను. తరువాత నాకే తట్టింది, పొద్దంతా కూర్చోవాలంటే తిండి కావాలి కదా. ఆ రోజు నేను చేతులు నొప్పి పుట్టేదాకా చప్పట్లు కొట్టాను.

గల్ఫు నుంచి నేను తిరిగొచ్చేసరికి ఆ టాకీసు లేదు. చాచా మాత్రం ఉన్నాడు, బస్టాండుకు కొంచెం దూరంలో మోటర్లకు వైండింగ్ చేసే దుకాణం పెట్టుకొని. పని చేసుకుంటూ పాత టీవీలో పెన్‌డ్రైవ్ పెట్టి గుర్రాల సినిమాలే చూసేవాడు. టాకీసు మూసిన రోజు తెచ్చుకున్న మైకు ఒక మేకుకు వేలాడుతుండేది. మోటరు కాలినప్పుడల్లా నేను అక్కడికే పోయేవాణ్ణి, వైర్లకంటే మాటలకే ఎక్కువ సేపు కూర్చునేవాణ్ణి.

ఇప్పుడు నా పని గురించి చెప్పాలి. మాది ఎల్లారెడ్డి పక్కన ఒక ఊరు. తాతల నాటి నుంచి మా ఇంట్లో నీరటి పని. చెరువు తూము తెరవడం, మూయడం, కాలువలో నీళ్లు ఎప్పుడు ఎవరి మడికి పారాలో చూడడం. చెరువులో నీళ్లు తక్కువైన యాసంగిలో, అంటే ఎండకాలపు పంటకు, వంతు పెడతాం. మా ఊరి వంతుకు ఒక కట్టుబాటు ఉంది, మొదటి తడి కాలువ చివరి మడికే. తూము పక్కనున్న మడి ఊటకైనా తడుస్తుంది, చివరి మడికి ఆ దిక్కు కూడా ఉండదు. నీళ్లు చివరికి చేరేదాకా నీరటి తన పార ఎక్కడ పాతితే అక్కడ ఎవరూ గండి కొట్టకూడదు. పార పాతి నేను ఇంటికి పోయి అన్నం తిని పడుకున్నా సరే, ఆ కర్రను ఎవరూ ముట్టరు. ఇంకొకటి, పంట కోసేదాకా నీరటి తన పార కడగడు. మట్టి పెచ్చులు కట్టినా అట్లాగే ఉంచాలి.

మా బాపు పోయాక ఆ పార నా చేతికి వచ్చింది. కర్ర పగిలి ఉంటే చాచా దుకాణానికి తీసుకుపోయాను. ఆయన మోటరుకు చుట్టినంత శ్రద్ధగా రాగితీగ బిగించి చుట్టి ఇచ్చాడు. అప్పటి నుంచి రాగి మెరిసే పార అంటే నీరటి పార అని ఊళ్లో అందరికీ గుర్తు.

కాలువ చివరన ఒక అవ్వది ముప్పై గుంటల మడి. ఆ మడి పండితేనే ఆమెకు ఏడాది తిండి. కొనుక్కుతినే స్థితి కాదు, అడుక్కునే మనసు కాదు. రెండేళ్ల కిందటి యాసంగిలో ఆమె వరి పొట్టకొచ్చిన సమయానికి చెరువు అడుగంటుతున్నది. సరిగ్గా అప్పుడే తూము దగ్గర పదిహేను ఎకరాలున్న పటేలు చేపల గుంటలు తవ్వించి కాలువను తనవైపు తిప్పుకున్నాడు. రైస్ మిల్లు ఆయనది, ఊళ్లో సగం మందికి ఆయనతోనే పని. కొన్నాళ్లు సర్పంచు పదవిలో కూడా ఉన్నాడు. పదవి పోయినా పలుకుబడి పోలేదు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ధైర్యం ఎక్కడుంటుందో మాత్రం నాకే తెలియదు. మొదటిసారి గండి చూసి చూడనట్టు పోయాను. రెండోసారి మెల్లగా పూడ్చాను, తెల్లారేసరికి మళ్లీ కొట్టారు. నీటిపారుదల ఆఫీసుకు పోయి అర్జీ ఇచ్చాను. మూడుసార్లు తిరిగాను. నాలుగో రోజు చాయ్ హోటల్లో పటేలు నా అర్జీలోని మొదటి వాక్యం, నా తప్పులతో సహా, నాకే చదివి వినిపించాడు. అక్కడున్నవాళ్లు నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ సాయంత్రం గండి పూడ్చి, నా పారను అక్కడే పాతి వచ్చాను. పొద్దున లేచి చూస్తే పార మా ఇంటి గడప దగ్గర గోడకు ఆనించి ఉంది. శుభ్రంగా కడిగి ఉంది. మట్టి పెచ్చు ఒక్కటి లేదు. రాగి తళతళ మెరుస్తున్నది. నీ పని అయిపోయింది, ఇంట్లో కూర్చో అని చెప్పడానికి మా ఊళ్లో అంతకంటే స్పష్టమైన మాట లేదు. మా ఇంటామె చూసి లోపలికి పోయింది. నేను ఆ పార ముట్టుకోకుండా చాలాసేపు గడపలోనే కూర్చున్నాను. నిజం చెప్పాలంటే భయమేసింది. మళ్లీ గల్ఫుకే పోతే పాయె అనిపించింది.

అప్పుడు అవ్వ వచ్చింది. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. ఆమె పార వైపు చూసింది, నా వైపు చూసింది, అరుగు మీద కూర్చుంది.

"మీ బాపు ఉన్నన్ని దినాలు మొదటి తడి నా మడికే పారె బిడ్డా. గీసారి నాలుగు దినాలు సూస్త. ఎండితే ఎండె. ఇగ నిన్ను అడగ."

అడగనన్న ఆ మాట నాకు చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది. ఆమె పోయాక నాకు తొట్టిలో పడేసిన బిల్ల గుర్తొచ్చింది. ఆ తరువాత వీధిలోకి వచ్చిన జనం గుర్తొచ్చారు. చాచా చెప్పిన మాట గుర్తొచ్చింది, ఎంతమందిని కొడ్తడు అని. నేను అరుగు దిగాను.

మా ఊళ్లో కాలిన మోటరు లేని ఇల్లు ఉండదు. వరి పండించే ప్రతివాడి పెరట్లో ఒకటో రెండో తుప్పు పట్టి పడి ఉంటాయి. కాలువ చివరి దిక్కు మడులున్న ఇండ్లకు ఒక్కొక్కదానికి పోయాను. నాకు మనుషులు వద్దు, కొట్లాట వద్దు, మీ ఇంటి పార ఇవ్వండి, మీ కాలిన మోటరులో తీగ ఇవ్వండి అని అడిగాను. పటేలు మిల్లులో పనిచేసేవాళ్లు మొదట తల అడ్డంగా ఊపారు. పారకేమి పేరుంటదా, ఊరుంటదా అన్నాను. ఒకడు నవ్వి తెచ్చి ఇచ్చాడు. వాడిని చూసి పక్కింటివాడు ఇచ్చాడు. పొద్దు గూకేలోపు మా వాకిట్లో నాదానితో కలిపి ముప్పై నాలుగు పారలయ్యాయి. నేను, మా ఇంటామె కూర్చొని ఒక్కొక్క కర్రకు రాగితీగ చుట్టాం. కడిగిన గుర్తు పోయేటట్టు నా పార రేకుకు మళ్లీ కాలువ మట్టి పూశాను. అన్నిటికీ పూశాను.

ఇంకొక్క పని చేశాను. ఆడవాళ్లతో పొద్దున్నే సద్దులు కట్టుకొని రమ్మన్నాను. ఎందుకని అడిగితే చెప్పలేకపోయాను. ఎప్పుడో చూసిన బుట్ట గురించి ఏమని చెబుతాను?

తెల్లవారుతుండగా గండి మళ్లీ పూడ్చి, కాలువ పొడుగునా, తూము నుంచి చివరి మడి దాకా, ముప్పై నాలుగు పారలు పాతాం. నేను పోయేసరికే అవ్వ తన పారను పటేలు గండికి సరిగ్గా ఎదురుగా పాతి, పక్కనే సద్ది ముల్లె పెట్టుకొని కూర్చుంది. ఆమె పారకు తీగ ఎవరు చుట్టారో నాకు తెలియదు. నేనైతే చుట్టలేదు. మొత్తం ముప్పై అయిదయ్యాయి. సద్దులు తెచ్చిన ఆడవాళ్లు గట్టు పొడుగునా కూర్చున్నారు.

ఎండ ఎక్కుతుండగా జేసీబీ వచ్చింది. కాలువను ఇంకా లోతుగా తవ్వి తనవైపు తిప్పుకోవాలని పటేలు మాట్లాడుకున్న బండి. డ్రైవరు ఈ ఊరివాడు కాదు. బండి ఆపి దిగి, పారల వరుస చివరిదాకా చూసి వచ్చాడు.

"గివి నీరటి పారలా?" అని అడిగాడు.

అవునన్నాను.

"మాది కామారెడ్డి పక్క రాజంపేట దిక్కు అన్నా. మా మామ గూడ నీరటే. గీటి మీద బండి ఎక్కియ్య నేను."

ఫోన్ తీసి ఆ మాటే పటేలుకు చెప్పాడు. అటు నుంచి అరుపులు నాకు వినిపించాయి. డ్రైవరు ఫోన్ చెవికి కొంచెం దూరంగా పెట్టుకొని, అయిపోయేదాకా ఓపిగ్గా విన్నాడు. తరువాత అవ్వ పెట్టిన జొన్నరొట్టె తిని, బండి వెనక్కి తిప్పుకొని పోయాడు.

పటేలు స్వయంగా వచ్చాడు. ఇద్దరు మనుషుల్ని వెంటేసుకొని వచ్చాడు కానీ వాళ్లు గట్టు మీదే ఆగిపోయారు. ఆ వరుసలో వాళ్ల ఇండ్ల పారలు కూడా ఉన్నాయని నాకు తెలుసు, వాళ్లకూ తెలుసు. పటేలు ఒక పార దగ్గర వంగి తీగను చూశాడు. పక్కదాన్ని చూశాడు. ఇంకోదాన్ని చూశాడు. అప్పుడు నా వైపు తిరిగాడు.

"గిండ్ల నీ పార ఏది?"

 నేను కూడా వరుస చివరిదాకా ఒకసారి చూశాను.

"గుర్తువడ్తలేదు పటేలా. అన్ని ఒక్కతీర్గనే ఉన్నయి."

 ఒక పార పీకడం ఆయనకు పెద్ద పని కాదు, మొన్ననే పీకించాడు. ఇప్పుడు పీకితే ఎవరింటిది పీకుతాడో ఆయనకే తెలియదు. రేపు ఆ ఇంటివాళ్లే మిల్లులో పనికి రావాలి. అవ్వ తన ముల్లె విప్పి, పక్కన చోటు చూపించింది.

"నీళ్లు నా మడి ముట్టినంక నీ గుంటలకే అస్తయి పటేలా. గంతదాంక కూసో. గింత తిను."

ఆయన కూర్చోలేదు, తినలేదు. కానీ ఆమె అందించిన చెంబులో నీళ్లు తాగాడు. చెంబు తిరిగి ఆమె చేతికే ఇచ్చి, వచ్చిన దారినే పోయాడు. నేను అవ్వ పక్కన కూలబడి సద్ది ముల్లె మొత్తం తినేశాను.

నీళ్లు మూడో రోజు పొద్దున అవ్వ మడికి చేరాయి. నెర్రెలిచ్చిన నేలలో నీళ్లు దిగుతుంటే బుడబుడమని చప్పుడొచ్చింది. ఆ చప్పుడు విని నాకు ఏడుపొచ్చింది, ఎందుకు దాచాలి? ఆ యాసంగి గడిచేదాకా పారలు అక్కడే ఉన్నాయి. ఆఫీసు నుంచి సారు కూడా వచ్చి చూసి, ఫోటోలు తీసుకొని, వంతు ప్రకారమే పారించాలని కాగితం రాసి పోయాడు. పటేలు మారిపోయాడని చెప్పను. గుంటలు ఇంకా ఉన్నాయి, మిల్లు ఉంది, మాట విరుపు ఉంది. కానీ ఇప్పుడు నీళ్లు కావాలంటే మనిషిని పంపి తన వంతు ఎప్పుడని అడుగుతాడు.

కోతలయ్యాక నా పార నేనే కడుక్కున్నాను. చాచా సినిమా సంగతి నా నోట విన్న అవ్వ కొత్త బియ్యం ఒక సంచిలో పోసి, ఆ ఉపాయం చెప్పినాయనకు ఇచ్చి రమ్మంది. సంచి బైకు మీద పెట్టుకొని కామారెడ్డి పోయాను. దుకాణంలో భిక్నూర్ రైతు ఒకాయన మోటరు పెట్టుకొని కూర్చున్నాడు. చాచాకు మొదటి నుంచి చివరి దాకా అన్నీ చెప్పాను. నీ సినిమా వల్లనే అన్నాను. ఆయన ఉబ్బిపోతాడనుకున్నాను. ఆయన మొహం చిన్నబోయింది. చేతిలో తీగ పక్కన పెట్టేశాడు.

"తమ్మీ, ఆ దినం ఆఖరి రీలు రాలే."

నాకు అర్థం కాలేదు. ఆయన నా వైపు చూడకుండా చెప్పాడు. పట్నం నుంచి వచ్చిన పెట్టెలో ఒక రీలు తక్కువ వచ్చిందట. చూస్తే హాలు నిండా జనం. ఆట ఆపితే కుర్చీలు విరుగుతాయి. అందుకని మొదట్లో చూపించిన ఒక రీలే మళ్లీ ఎక్కించి, మైకులో వేరే కథ చెప్పాడట. జమేదారు ఊళ్లోకి వచ్చిన రోజు జరిగే జాతర అది. ఛాతీల మీద మెరిసినవి నూనె డబ్బా బిల్లలు కావు, కాగితం పూలు. దొర టోపీ తీసింది జడ్జికి సలాం చెయ్యడానికి. టోపీలు పెట్టుకున్నవాళ్లంతా ఒక్కలాగే ఉండేసరికి హాల్లో ఒక్కడు కూడా పట్టుకోలేకపోయాడు.

"మరి ఆ బుట్ట?" అన్నాను.

రొట్టెల పోటీ అట. ఆమె రొట్టె కాల్చి పోటీకి తెచ్చిందట.

నాకు కోపం నషాళానికెక్కింది. ఒక జాతరను నమ్ముకొని అంతమందిని కాలువ గట్టు మీద కూర్చోబెట్టాను, తేడా వస్తే ఎవరి తల పగిలేదని గట్టిగానే అడిగాను. చాచా తల వంచుకొని విన్నాడు. పబ్లిక్‌ను మోసం చేసిన సంగతి ఇన్నేళ్లుగా గుండెలో ముల్లులా ఉందన్నాడు. అసలు ముగింపు ఏంటని అడిగాను. తరువాత టీవీలో చూశాడట. జమేదారు ఒక్కడే వీధిలో దొరను కాల్చేసి, గుర్రమెక్కి వెళ్లిపోతాడు. జనం కిటికీల్లోంచి చూస్తారు.

"నది సంగతేమాయె?"

"నది జాడ మళ్ల సినిమాల లేదు తమ్మీ."

నీళ్ల సంగతి తేల్చకుండా సినిమా ఎట్లా అయిపోతుందని నేను అన్నాను. భిక్నూర్ రైతు కూడా అదే అన్నాడు. చాచా మమ్మల్నిద్దరినీ చూసి మొదటిసారి నవ్వాడు. నాకూ నవ్వాగలేదు. నవ్వీ నవ్వీ కళ్లనీళ్లొచ్చాయి, కోపం ఎటు పోయిందో తెలియలేదు.

ఆయన లేచి పెన్‌డ్రైవ్ వెతికి ఆ సినిమానే పెట్టాడు. ముగ్గురం కూర్చొని చూశాం. జాతర వచ్చింది, బుట్టామె వచ్చింది, నేను ఆమెను చూసి పాత చుట్టాన్ని చూసినంత సంబరపడ్డాను. జమేదారు బిల్ల తొట్టిలో పడగానే చాచా రిమోటు నొక్కి బొమ్మ ఆపేశాడు. మేకుకున్న మైకు తీసి, మీద దుమ్ము అంగీకి తుడిచి, నా చేతిలో పెట్టాడు.

"ఇగ ఆఖరి రీలు నువ్వే జెప్పాలె. నువ్వు సూసినవ్, నేను సూడలే."

ఆ మైకుకు వైరు కూడా లేదు. అయినా నాకు సిగ్గు పుట్టింది. భిక్నూర్ రైతు స్టూలు ముందుకు జరుపుకున్నాడు. చాచా కళ్లు మూసుకొని, హాలు నిండా జనం ఉన్నప్పుడు కూర్చునేటట్టు కూర్చున్నాడు. నేను గొంతు సవరించుకొని, అందరికంటే ముందు ఒక అవ్వ వచ్చిందని చెప్పాను.